ఇటాలియన్ క్రియలు నేర్చుకుందాం

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! "మనకు ఇటాలియన్ ఎందుకన్నా?" అని మీరు అడగొచ్చు. ఇటలీ విశ్వవిద్యాలయాల్లో చదివేవారికి అక్కడి ప్రాంతీయ సంస్థలు కుటుంబ ఆదాయాన్ని చూసి స్కాలర్‌షిప్ ఇస్తాయి. విదేశీ విద్యార్థులూ దరఖాస్తు చేసుకోవచ్చు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. పీజీ తర్వాత అక్కడ ప్రయత్నించాలని ఉంది. ఇంగ్లీషులో చెప్పే కోర్సులున్నా, గది అద్దెకు అడగాలంటే ఇటాలియన్ రావాలి.

ముందు 'పర్లారే' (మాట్లాడడం) వర్తమాన కాలం చూడండి: పార్లో, పార్లి, పార్లా, పర్లియామో, పర్లాతే, పార్లానో. వరుసగా నేను, నువ్వు, అతడు లేక ఆమె, మేము, మీరు, వాళ్లు. మన 'మాట్లాడతాను'లో లాగే క్రియ చివర చూస్తే ఎవరో తెలుస్తుంది. 'నేను' అని విడిగా అనక్కర్లేదు. ఇంగ్లీషులో ఈ సుఖం లేదు.

భయపెట్టేవి నియమం తప్పిన క్రియలు. 'అందారే' (వెళ్లడం): వాదో, వాయ్, వా, అందియామో, అందాతే, వాన్నో. రెండు వేర్వేరు క్రియలు ఇందులో కలిసిపోయాయి. మనం మాత్రం? 'రాను' అంటాం, 'వస్తాను' అంటాం. మనకెవరూ పట్టిక వేసి నేర్పలేదు.

మేము, మీరు రూపాలు అసలు ధాతువును వదల్లేదు, గమనించారా? 'వెనీరే' (రావడం) కూడా అంతే: వెంగో, వియేని, వియేనే, వెనియామో, వెనీతే, వెంగోనో. ఆ రెండు రూపాల్లో ఊనిక ప్రత్యయం మీద పడుతుంది, ధాతువు కదలదు. మిగతా నాలుగింట్లో ఊనిక ధాతువు మీదే, మార్పూ అక్కడే. పైగా చాలా క్రియల్లో 'నేను' రూపానికి 'నో' చేరిస్తే 'వాళ్లు' రూపం వస్తుంది: బేవో, బేవోనో (తాగడం), పోస్సో, పోస్సోనో (చేయగలగడం). అంటే ఆరు బట్టీ పట్టే పని లేదు, మొదటి మూడు చాలు.

'ఎస్సెరే' (ఉండడం) మాత్రం ఏ లెక్కకూ లొంగదు: సోనో, సెయ్, ఎ, సియామో, సియేతే, సోనో. దీన్ని బట్టీయే పట్టాలి.

మనవాళ్లు తడబడేది మర్యాద దగ్గర. ఒక పెద్దాయనను 'మీరు' అనడానికి సాధారణంగా బహువచనం వాడరు, 'ఆమె' రూపం వాడతారు! కాబట్టి 'వియేనే' అంటే 'ఆమె వస్తుంది', 'మీరు వస్తారు' కూడా.

ఇప్పుడు మీ వంతు. 'ఉష్షీరే' (బయటికి వెళ్లడం): ఎస్కో, ఎష్షి, ఎష్షే, ......, ......, ఎస్కోనో. ఖాళీలు నింపి, ఆ తర్వాతే జవాబు చూడండి: ఉష్షామో, ఉష్షీతే.