కళేబరము కుళ్ళని సరస్సు

ఆఫ్రికా ఖండపు తూర్పు భాగమున, టాంజానియా దేశపు ఉత్తరపు అంచున, కెన్యా సరిహద్దు సమీపమున నాట్రాన్ అను సరస్సు కలదు. దాని ఒడ్డున చచ్చిపడిన పక్షి కుళ్ళదు. ఈకలతో, గోళ్ళతో, ముక్కుతో సహా బిగుసుకొని, సున్నము పూసిన బొమ్మవలె ఉండును. నిక్ బ్రాంట్ అను ఛాయాగ్రాహకుడు ఇట్టి పక్షుల చిత్రములను 2013లో ఒక గ్రంథమున ప్రకటించినాడు. వానిని చూచినవారు, ఆ నీటిని తాకిన ప్రాణి తత్‌క్షణమే రాయిగా మారునని చెప్పుకొనసాగిరి. కొన్ని పత్రికలు కూడ ఆ మాటనే అచ్చువేసినవి. ఇట్టి చిత్రములు నేడు చేతి ఫోనుల ద్వారా మారుమూల గ్రామములకు సైతము చేరుచున్నవి గనుక, ఇందులో నిజమెంతయో పంచాయతీ సభ్యులకు వివరింపదలచినాము. ఈ సరస్సు సంగతికిని మన చవుటి పొలముల సంగతికిని దగ్గరి సంబంధమున్నది.

రాయిగా మారుట అబద్ధము. ఆ పక్షులు, గబ్బిలములు ఏదో కారణమున చచ్చి, నీటిలో నాని, ఒడ్డునకు కొట్టుకొని వచ్చినవి. ఛాయాగ్రాహకుడు వానిని ఏరి తెచ్చి, కొమ్మలపై బ్రతికియున్న భంగిమలో కూర్చుండబెట్టి చిత్రములు తీసినాడు. ఈ సంగతిని ఆయన దాచలేదు. కథ అల్లినవారే దానిని విడిచిపెట్టిరి.

కళేబరము కుళ్ళకుండుట మాత్రము నిజము. దీనికి కారణము మన చాకలి సోడాయే. ఆ సరస్సు నీటిలో ఈ సోడా మితిమీరి కరగియున్నది. మాంసమును కుళ్ళజేయునవి కంటికి కనబడని సూక్ష్మజీవులు. వానికి తడి కావలెను. మితిమీరిన క్షారము గిట్టదు. సోడా కళేబరములోని తడిని పీల్చివేయును, క్షారము సూక్ష్మజీవులను పెరుగనీయదు. పైగా నీరెండిన కొలది సోడా పొరలు పొరలుగా పైన పేరుకొనును. మన సముద్రతీరపు ఊళ్ళలో చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టునప్పుడు జరుగునది ఇంచుమించుగా ఇదియే. ప్రాచీన ఈజిప్టు వారు ఈ గుణమును వేల ఏండ్ల క్రిందటనే ఎరుగుదురు. కైరో నగరమునకు వాయవ్యమున నున్న నాట్రూన్ లోయ నుండి ఈ క్షారమును తెచ్చి, రాజుల శవములలో కూరి, పైన కప్పి, నలుబది దినముల వరకు ఆరబెట్టి భద్రపరచెడివారు. సరస్సు పేరు కూడ ఆ క్షారము పేరే.

ఇచ్చట ఒక మాట. పశువు చచ్చినప్పుడు గోతిలో సున్నము పోసినచో త్వరగా కరగిపోవునని మన పల్లెలలో పలువురు నమ్ముదురు. సున్నము కూడ క్షారమే. అది వాసనను, ఈగలను, కుక్కలను కొంత అరికట్టును గాని కుళ్ళుటను త్వరపెట్టదు, ఆలస్యమే చేయును. కనుక సున్నమును నమ్ముకొని గొయ్యి లోతు తగ్గించరాదు. త్రాగునీటి బావికి దగ్గరగా త్రవ్వరాదు.

ఇంత సోడా ఎక్కడి నుండి వచ్చినది? సరస్సునకు దక్షిణమున ఓల్ డోయిన్యో లెంగాయ్ అను అగ్నిపర్వతమున్నది. మాసాయి జాతి వారి భాషలో దేవుని కొండ అని ఆ పేరునకు అర్థము. తక్కిన అగ్నిపర్వతములు కరగిన రాతిని కక్కుచుండగా ఇది సోడా నిండిన నల్లని ద్రవమును కక్కును. అది గాలిలోని తేమ తగిలి కొలది దినములలో తెల్లబారును. ఈ కొండ ప్రాంతపు బూడిద మీదుగా, రాళ్ళ మీదుగా వచ్చు వాన నీరును, వేడి ఊటలును సోడాను మోసికొని పల్లమునకు చేరుచున్నవి. ఉత్తరము నుండి ఎవాసో ఞీరో అను నది కూడ వచ్చి కలియును.

అయితే కొండ ఒక్కటే చాలదు. సరస్సు సుమారు 57 కిలోమీటర్ల పొడవు, 22 కిలోమీటర్ల వెడల్పు కలది. లోతు మూడు మీటర్లకు మించదు. ఎండ తీవ్రము. అన్నిటికంటె ముఖ్యమైనది, దీనికి లోనికి వచ్చు దారులే గాని వెలుపలికి పోవు దారి లేదు. నీరు ఆవిరియై పోవును, సోడా నిలిచిపోవును. వేల సంవత్సరములు ఇట్లే జరిగినందున నీరు చేతికి జిగటగా, చర్మమును కాల్చునంత ఘాటుగా తయారైనది. 1954లో కెన్యా వ్యవసాయ శాఖ ఉద్యోగి లెస్లీ బ్రౌన్, పక్షుల గూళ్ళను చూచుటకై ఆ బురదలో కాలినడకన పోయి, కాళ్ళు బొబ్బలెక్కి, ప్రాణాపాయము తప్పించుకొని ఆసుపత్రి పాలైనాడు.

ఆయన వెదకిన పక్షులు చిన్న రాజహంసలు. ఇంతటి క్షారములో ఇవి లక్షల కొలదిగా గుడ్లు పెట్టి పిల్లలను లేపుచున్నవి. మన పులికాట్ సరస్సునకు వచ్చు రాజహంసలలో అధిక భాగము ఇంకొక జాతివి, కొంచెము పెద్దవి. నాట్రాన్ నీటిలో పెరుగు ఒక విధమైన నాచు వీని ఆహారము. రెక్కల గులాబి రంగు దాని వలననే కలుగును. నడి సరస్సులో బురదతో గూళ్ళు కట్టుకొనును. నక్కలు, దుమ్ములగొండ్లు ఆ ఘాటైన బురదను దాటి రాలేవు. తూర్పు ఆఫ్రికాలోని ఈ జాతికి క్రమముగా పిల్లలను లేపు చోటు ఇదియొక్కటే.

ఆ నీరు కొంచెము హెచ్చినను, తగ్గినను చిక్కే. 1962లో ఈ సరస్సు వరద పాలుకాగా పక్షులు కెన్యాలోని మగాడి సరస్సునకు పోయి గుడ్లు పెట్టినవి. అచ్చట పిల్లల కాళ్ళకు సోడా కడియములవలె గట్టిపడి, అవి నడువలేక చచ్చుచుండగా, మనుష్యులు పోయి ఆ కడియములను పగులగొట్టి వేలాది పిల్లలను కాపాడిరి. 2006 ప్రాంతమున మన దేశపు టాటా కెమికల్స్ సంస్థ, టాంజానియా ప్రభుత్వ సంస్థతో కలిసి నాట్రాన్ ఒడ్డున ఏటికి 5 లక్షల టన్నుల సోడా తీయు కర్మాగారమును తలపెట్టినది. పక్షులు చెదరిపోవునని పలువురు అభ్యంతరము తెలిపిరి. 2008లో ఆ సంస్థ ఆ పని నుండి తప్పుకొన్నది. బీద దేశమునకు కర్మాగారము అక్కరలేదని మేమనము. కాని ఎన్నడును మరల చేయలేని దానిని చెరుపుటకు ముందు తగవు పెట్టుకొనుట మంచిదే.

ఇక మన ఊరి సంగతి. దారి లేని సరస్సునకు పట్టిన గతియే మురుగు కాలువ లేని పొలమునకు పట్టును. కాలువ నీరు పొలములో నిలిచి, ఆవిరియై, తనతో తెచ్చిన లవణములను మట్టిలో విడిచిపోవును. భూగర్భజలము పైకి ఉబికినచో అది కూడ తన వంతు ఉప్పును చేర్చును. వేసవిలో పైన తెల్లని పొర తేలినచో అది తెల్ల చౌడు. ఎండినప్పుడు రాయివలె గట్టిపడి, తడిసినప్పుడు నల్లగా జిగురు కట్టి, నీటిని లోనికి ఇంకనీయనిది కారు చౌడు. మొదటిది మంచినీటితో కడిగిన బాగుపడును. రెండవదానిలో సోడా మట్టిరేణువులను పట్టుకొని యుండును గనుక కేవలము కడుగుట వలన లాభము లేదు. జిప్సము వేయవలెను. అందలి సున్నపు భాగము మట్టిలో చేరి సోడాను వెలుపలికి నెట్టును. ఎకరమునకు ఎంత వేయవలెనో మట్టి పరీక్షయే చెప్పవలెను. ఊహ మీద వేసిన డబ్బు దండుగ.

పొలమును మళ్ళుగా విభజించి, గట్లు వేసి, జిప్సమును పైమట్టిలో కలియదున్ని, నీరు పెట్టి కొన్ని దినములు నిలువ ఉంచవలెను. పిమ్మట ఆ నీటిని తీసివేసి, మరల పెట్టి, మరల తీయవలెను. తరువాత జీలుగ చల్లి పూతకు రాగానే దున్నినచో నేల మెత్తబడును. ఇదంతయు ఊరి మురుగు కాలువ తెరచియున్నప్పుడే సాధ్యము. కాలువను పూడ్చి దున్నుకొనినవాడు నలుగురి పొలములకు నాట్రాన్ సరస్సు గతి తెచ్చిపెట్టుచున్నాడు. వానలకు ముందే పంచాయతీవారు కాలువ వెంబడి ఒకమారు నడచి, పూడికను, ఆక్రమణలను గుర్తించి తీయించవలెను. కడిగిన చవుటి నీటిని ప్రక్కవాని చేనిలోనికి గాని, ఊరి చెరువులోనికి గాని మళ్ళింపక, ఆ కాలువలోనికే వదలవలెను.