రెండు చేతుల్లో రెండు బి.పి.లు: ఏది నమ్మాలి?

"హకీం సాబ్! కుడి చేతికి 152 వచ్చింది, ఎడమ చేతికి 130 వచ్చింది. మిషను పాడైపోయిందా?" ఇళ్ళల్లోకి బి.పి. మిషన్లు వచ్చాక మా మతబ్‌లో తరచుగా వినబడుతున్న ప్రశ్న ఇది. చాలాసార్లు మిషను బాగానే ఉంటుంది. తేడా కొలిచిన పద్ధతిలోనైనా ఉండాలి, లేదా రక్తనాళంలోనైనా ఉండాలి.

రెండు చేతుల్లో రక్తపోటు అచ్చంగా ఒకేలా ఉండాలని లేదు. పై అంకెలో 10 లోపు తేడా చాలామందికి ఉంటుంది. దానికి కంగారు పడనక్కర్లేదు. కొలిచిన ప్రతిసారీ 10 దాటి తేడా వస్తుంటే పట్టించుకోవాలి. 15, అంతకుమించి వస్తుంటే డాక్టరుకు చూపించవలసిందే. 2012లో లాన్సెట్ వైద్యపత్రిక అనేక పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్షను ప్రచురించింది. 15 తేడా ఉన్నవారిలో రక్తనాళాల జబ్బులు, గుండెజబ్బు మరణాలు ఎక్కువని అందులో తేలింది.

కారణం ఏమిటంటే, గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమని నుంచి చేతులకు శాఖలు పోతాయి. ఒకే చెరువు నుంచి రెండు కాలువలు తీస్తే, పూడిక పడిన కాలువలో నీళ్ళు తగ్గుతాయి కదా! అలాగే కొవ్వు పేరుకుని ధమని ఇరుకైన వైపు చేతిలో పోటు తగ్గుతుంది. ఈ ఇరుకు ఎడమవైపు ఎక్కువగా కనిపిస్తుంది. బీడీ, సిగరెట్, షుగరు, పైబడిన వయసు దీనికి దారితీస్తాయి. పడుచు ఆడపిల్లల్లో మాత్రం ధమని గోడలు వాచే తకయాసు జబ్బు ఉందేమో చూడాలి. ఎక్కువ వచ్చిన చేతిని చూసి అందరూ భయపడతారు గానీ, అనుమానించవలసింది తక్కువ వచ్చిన చేతినే.

అసలు నష్టం ఇక్కడే ఉంది. మా దగ్గరకు వచ్చే ఒక బట్టల వ్యాపారికి ఏళ్ళ తరబడి ఎడమ చేతికే బి.పి. చూశారు. చీటీల్లో ఎప్పుడూ 130 దాటలేదు. మాత్రల మోతాదు పెంచిన వారూ లేరు. కుడి చేతికి కడితే 158! ఇన్నాళ్ళూ మెదడుకు, మూత్రపిండాలకు తగిలిన పోటు ఆ 158. అందుకే మొదటిసారి రెండు చేతులకూ చూడాలి, ఆ తరువాత ఎప్పుడూ ఎక్కువ వచ్చిన చేతికే చూడాలి. ఏ చెయ్యో చీటీ మీద రాయించుకోండి.

మా యూనానీలో రెండు మణికట్ల దగ్గరా నబ్జ్ పట్టి చూసే అలవాటు ఉంది. ఒకవైపు నాడి బలహీనంగా ఉంటే ఆ వైపు దారి ఇరుకైందేమోనన్న సంగతి వేలికి అందుతుంది. కానీ అంకె చెప్పడానికి మిషనే కావాలి. నాడి పట్టుకుని "నీకు 150 ఉంది" అనేవారిని నమ్మకండి, వారు హకీములైనా సరే.

ఇంట్లో చూసుకునేటప్పుడు టీ, బీడీ మాని అరగంట గడవాలి. మూత్రానికి వెళ్ళి వచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలకు తగిలేలా 5 నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. ఫజర్ నమాజు తరువాత, చాయ్‌కీ మాత్రకీ ముందు, మంచి సమయం. రెండు చేతులూ గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. ఒక చెయ్యి బల్లమీద, ఇంకోటి ఒళ్ళో పెడితే లేని తేడా కనిపిస్తుంది, ఎందుకంటే కిందికి దిగిన చేతిలో అంకె పెరుగుతుంది. ఆడవారు బురఖా చేతుల మీదనే పట్టీ చుట్టించుకుంటున్నారు. బిగుతు చేతులు పైకి మడిచినా తప్పే. ఇంట్లో అయితే వదులు దుస్తుల్లో, ఒంటి మీదే పట్టీ కట్టుకోవచ్చు. లావు చేతికి చిన్న పట్టీ చుడితే అంకె అబద్ధంగా పెరుగుతుంది. మొదటి చేతికి బెదురు వల్ల ఎక్కువ రావడం మామూలే. కనుక కుడి, ఎడమ, మళ్ళీ కుడి చూడండి. రెండు మూడు రోజులు అదే తేడా వస్తే అప్పుడు నమ్మండి.

చేతితో పని చేస్తుంటే ఆ చెయ్యి త్వరగా అలిసిపోవడం, తల తిరగడం, ఒక చెయ్యి చల్లబడడం ఉంటే ఆలస్యం చేయకండి. హఠాత్తుగా రొమ్ములోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి వచ్చిందంటే మిషను కోసం వెతకవద్దు. ఏ మాజూనూ పెట్టవద్దు. 108కి ఫోను చేయండి. పెద్ద ధమని గోడ చీలినప్పుడు కూడా చేతుల మధ్య తేడా వస్తుంది, అది గంటల్లో ప్రాణం తీసే జబ్బు.

మందుల సంగతి. అస్రోల్, అంటే సర్పగంధ, పోటు తగ్గించే మందే. కానీ అది ఇరుకైన ధమనిని తెరవదు. డాక్టరు రాసిన మాత్రలతో కలిపి సొంతంగా వేసుకుంటే నాడి మందగిస్తుంది, మనసు కుంగుతుంది. తేడా ఉందని హిజామా చేయించుకున్నా ఆ ఇరుకు పోదు.

డయాలిసిస్ కోసం నాళం కలిపిన చేతికి మాత్రం పట్టీ కట్టవద్దు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషనులో చంకలోని గ్రంథులు తీసినవారు ఆ వైపు చేతికి చూడవచ్చా అని ఆపరేషను చేసిన డాక్టరునే అడగాలి.