శుభ్రత ఏది? అపోహ ఏది? – యౌవనస్థుల పాఠము

చదువవలసిన వాక్యభాగములు: మార్కు 5:25–34, మార్కు 7:1–23, 1 కొరింథీయులకు 6:19–20.

పాఠము యొక్క ఉద్దేశము: దేహశుభ్రత విషయములో నిజమును, అపోహను వేరుచేసి తెలిసికొనుట, తెలిసికొనిన దానిని ఇంటిలోను సంఘములోను ఆచరించుట.



తిరువళ్లూరులోను తిరుత్తణిలోను జరుగు మన యౌవనస్థుల కూడికలలో ఈ మధ్య ఒక పని చేశాము. ఖాళీ కానుకల సంచిని అందరి మధ్య త్రిప్పి, “మీ దేహమును గురించి పెద్దలను అడుగలేకపోయిన ప్రశ్న ఏదైనా ఉంటే, పేరు వ్రాయకుండా ఇందులో వేయండి” అన్నాము. రెండు మూడు చీటీలు వస్తాయేమో అనుకున్నాము. సంచి సగము నిండింది. కొన్ని తెలుగులో ఉన్నాయి. ఇక్కడి బడులలో చదువుకొన్న పిల్లలు కొందరు తమిళ అక్షరాలతో తెలుగు వ్రాశారు. వాటిలో ఒక చీటీ చదివి మేము చాలాసేపు మాటలాడలేకపోయాము. “నా బాప్తిస్మము రోజున నేను బయట చేరితే నీళ్లలోకి దిగనిస్తారా? మైల అని వద్దంటారా?”

ఆ చీటీకి జవాబు పాఠము చివర చెప్పెదము. మిగిలిన చీటీలు ముందు చూచినయెడల ఆ జవాబు మీకు సులువుగా అర్థమగును.

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు మన చిత్తూరు జిల్లాలోనిదే. అందుచేత ఇక్కడ తరతరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఉన్నాయి. వాటితోపాటు ఇటుక బట్టీలకు, మిల్లులకు, కంపెనీలకు పని వెదకుకొంటూ వచ్చిన కుటుంబాలూ ఉన్నాయి. మనము మూటాముల్లెతోపాటు మన ఊరి అలవాట్లు కూడా తెచ్చుకొన్నాము. మనము “మైల, ముట్టు” అంటాము. పొరుగువారు “తీట్టు” అంటారు. రెండు భాషల మంచి అలవాట్లు మనకు అబ్బినట్టే, రెండు భాషల అపోహలూ మన పిల్లల మీద పడ్డాయి.

నిజమును అపోహను వేరుచేయుటకు ఒక చిన్న పరీక్ష నేర్చుకొందాము. ఏ నియమమును గురించియైనా ఇలా అడగండి: ఈ నియమము మురికిని, క్రిములను తీసివేయుచున్నదా? లేక ఒక మనిషిని దూరముగా నెట్టుచున్నదా? మొదటిదైతే అది శుభ్రత. రెండవదైతే దాని పేరు శుభ్రత అయినా, అది వేరొక సంగతి.

1. చేతులు

ఒక అబ్బాయి చీటీ: “చేతులు కడుగుకొనకుండా తింటే తప్పు లేదని యేసు ప్రభువే చెప్పాడు కదా, అమ్మ ఎందుకు తిడుతుంది?”

మార్కు 7వ అధ్యాయము మరల చదవండి. అక్కడి వాదము క్రిములను గురించినది కాదు. పెద్దల పారంపర్యాచారము ప్రకారము చేతులు కడుగుకొనని శిష్యులను పరిసయ్యులు అపవిత్రులుగా ఎంచారు. హృదయములోనుండి వచ్చునదే మనుష్యుని అపవిత్రపరచునని ప్రభువు బోధించాడు. అన్నము ముందు చేతులు కడుగవద్దని ఆయన ఆజ్ఞ ఇవ్వలేదు. గనుక అమ్మ చెప్పినదే సరి.

1847లో వియన్నా నగరపు ప్రసూతి ఆసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక నియమము పెట్టాడు. శవపరీక్ష గదినుండి వచ్చిన వైద్యులు క్లోరిన్ కలిసిన నీటితో చేతులు కడుగుకొనిన తరువాతనే కాన్పు గదిలోనికి పోవలెను. దానితో బాలింత జ్వరపు మరణాలు ఎంతో తగ్గిపోయాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు లోకమంతా ఇదే పాఠము మరల నేర్చుకొన్నది.

అపోహ: చేయి తెల్లగా కనిపిస్తే శుభ్రముగా ఉన్నట్టే. నీరు తేటగా ఉంటే మంచిదే.
నిజము: క్రిములు కంటికి కనిపించవు. అవి చేతి జిడ్డును అంటుకొని ఉంటాయి. వట్టి నీటికి ఆ జిడ్డు పోదు. సబ్బు దానిని విడగొట్టును. మరుగుదొడ్డికి వెళ్లివచ్చిన తరువాత, అన్నమునకు ముందు, ఇరవై సెకండ్లు గోళ్ల సందులు కూడా రుద్దవలెను. మట్టితో రుద్దుకొనుట మంచిది కాదు; మట్టిలో నులిపురుగుల గుడ్లు ఉండవచ్చును. త్రాగు నీరు ఎంత తేటగా ఉన్నా, అనుమానము ఉంటే కాచి చల్లార్చి త్రాగండి.

2. చెమట, మొటిమలు, పేలు, తామర

అపోహ: చెమట వాసన వచ్చే పిల్లలు స్నానము చేయని సోమరులు.
నిజము: పన్నెండు, పదమూడేండ్ల వయస్సు దగ్గర చంకలలోను గజ్జలలోను కొన్ని ప్రత్యేక గ్రంథులు పనిచేయుట మొదలుపెట్టును. చెమటకు స్వతహాగా వాసన ఇంచుమించు లేదు. చర్మము మీది బాక్టీరియా ఆ చెమటను విరుగగొట్టినప్పుడు వాసన పుట్టును. మన తిరువళ్లూరు ఎండలో రోజూ స్నానము చేసి, చంకలు, గజ్జలు, కాలివేళ్ల సందులు సబ్బుతో కడిగి, తడి లేకుండా తుడుచుకొనవలెను. లోదుస్తులు రోజూ మార్చవలెను. నిన్నటి బనియను మీద పౌడరు, సెంటు చల్లుకొంటే వాసన పోదు.

అపోహ: ముఖము సరిగా కడుగనందున, లేక చెడు తలంపుల వలన మొటిమలు వచ్చును.
నిజము: ఈ వయస్సు హార్మోనుల వలన చర్మములో నూనె ఎక్కువై, రంధ్రాలు మూసుకొనిపోయి మొటిమలు లేచును. ఇందులో పాపమూ లేదు, మురికీ లేదు. రోజుకు రెండుసార్లు మెత్తగా కడుగుకొంటే చాలు. గీరితే, గిల్లితే, టూత్‌పేస్టు పూస్తే మచ్చలు మిగులును.

అపోహ: పేలు ఉన్న పిల్లది మురికి పిల్ల.
నిజము: శుభ్రమైన తలకు కూడా పేలు పట్టును. అవి ఎగురవు, గెంతవు; తలకు తల తగిలినప్పుడు ప్రాకును. పేల దువ్వెనతో రోజు విడిచి రోజు దువ్వి, ఇంటిలో అందరికీ ఒకేసారి చూడవలెను. బడిలో ఆ పిల్లను వేరే బెంచీ మీద కూర్చుండబెట్టి అవమానించుట వైద్యము కాదు.

అపోహ: తామరకు మెడికల్ షాపువాడు ఇచ్చే ఏ ఆయింట్‌మెంటైనా ఒకటే.
నిజము: తామర ఒక విధమైన ఫంగసు. స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంటు పూసిన రెండు రోజులలో దురద తగ్గినట్టుండును. తరువాత అది ఇంకా పెద్దదై, మొండిదై తిరిగివచ్చును. మన బట్టీల పిల్లలలో దీనిని చాలామందిలో చూచుచున్నాము. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో చూపించుకొని, చెప్పినన్ని రోజులు మందు వాడవలెను. తువ్వాలు ఒకరిది ఒకరు వాడకూడదు.

3. మగపిల్లల చీటీలు

పెద్దలారా, ఈ భాగము చదివి ముఖము చిట్లించవద్దు. మనము చెప్పకపోతే గోడల మీద అంటించిన కాగితాలు చెప్పుచున్నవి. స్టేషనుల దగ్గర, బస్సుస్టాండు వెనుక, ఫలానా రోజున లాడ్జికి వచ్చే వైద్యుని ప్రకటనలు మీరూ చూచియుందురు. నిద్రలో వీర్యము పోతే బలము పోవునని, ఒక్క చుక్కకు ఎన్నో చుక్కల రక్తము ఖర్చగునని పిల్లలను భయపెట్టి వారు డబ్బు గుంజుదురు.

నిజము: నిద్రలో అలా జరుగుట యౌవనము వచ్చినదనుటకు గుర్తు. అది రోగము కాదు. రక్తము తగ్గదు, బలము తగ్గదు, మందు అక్కరలేదు. లేచి కడుగుకొని బట్ట మార్చుకొనుటే చేయవలసినది. స్నానము చేయునప్పుడు మర్మావయవమును నీటితో కడుగుకొనవలెను. ముందు చర్మము సులువుగా వెనుకకు వచ్చినంతవరకే, బలవంతము చేయకుండా. మంట, పుండు, వాపు ఉంటే సిగ్గుపడక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

4. ఆడపిల్లల చీటీలు

సంచిలో ఎక్కువ చీటీలు ఇవే. ఈ భాగమును మన సంఘములోని ఇద్దరు నర్సు సహోదరీలకు చదివి వినిపించి, వారు దిద్దిన తరువాతనే వ్రాయుచున్నాము.

అపోహ: ముట్టు రక్తము చెడు రక్తము.
నిజము: బిడ్డను మోయుటకు గర్భసంచిలో ప్రతి నెల ఒక మెత్తని పొర సిద్ధమగును. బిడ్డ లేనప్పుడు ఆ పొర రక్తముతో కలిసి బయటికి వచ్చును. అందులో విషము లేదు.

అపోహ: ఆ రోజులలో ముట్టుకొంటే ఊరగాయకు బూజు పట్టును.
నిజము: తడి గరిటె పెడితే, ఉప్పు, నూనె తగ్గితే బూజు పట్టును. జాడీకి ఎవరి నెల సంగతీ తెలియదు.

అపోహ: మూడు రోజులు తలకు పోసుకొనకూడదు.
నిజము: రోజూ స్నానము చేయవచ్చును, తలంటుకొనవచ్చును. గోరువెచ్చని నీళ్లు నొప్పికి హాయినిచ్చును. బయట భాగమును నీటితో కడిగితే చాలు. లోపల సబ్బు గాని, క్రిమి సంహారక మందు గాని వాడరాదు. లోపలి భాగము తనను తానే శుభ్రపరచుకొనును.

అపోహ: తెల్లబట్ట అయితే ఎముకలు కరుగుచున్నవి.
నిజము: ఎముకలు అలా కరుగవు. కొంచెము తెలుపు కనిపించుట సహజమే. దుర్వాసన, దురద, రంగు మార్పు ఉంటే డాక్టరమ్మకు చూపించుకోవలెను.

అపోహ: బట్టను ఎవరి కంటా పడకుండా ఆరవేయవలెను.
నిజము: ఈ సిగ్గు వలననే చాలామందికి జబ్బు వచ్చుచున్నది. చాప క్రింద, బీరువా వెనుక తడి ఆరని బట్ట దురదకు, పుండ్లకు కారణము. సబ్బుతో ఉతికి, మంచి ఎండలో పూర్తిగా ఆరవేయండి. బట్టయైనా ప్యాడైనా నాలుగు నుండి ఆరు గంటలకు ఒకసారి మార్చండి. వాడిన ప్యాడును కాగితములో చుట్టి చెత్తబుట్టలో వేయండి, మరుగుదొడ్డిలో వేయవద్దు.

అపోహ: మరుగుదొడ్డి లేనిచోట నీళ్లు తక్కువ త్రాగుట మేలు.
నిజము: బట్టీలలో మన ఆడపిల్లలు చీకటి పడువరకు మూత్రము ఆపుకొనుట మాకు తెలుసు. నీళ్లు తగ్గించి, మూత్రము ఆపుకొంటే మంట, జ్వరము వచ్చును. ఇక్కడ తప్పు పిల్లలది కాదు. మరుగుదొడ్డి కట్టించమని యజమానిని అడుగవలసిన బాధ్యత తండ్రులది, సంఘ పెద్దలది.

తమిళనాడు ప్రభుత్వము 2011–12లో “పుదు యుగం” అను పథకము క్రింద ఎదిగే ఆడపిల్లలకు ఉచితముగా ప్యాడ్లు ఇచ్చుట మొదలుపెట్టింది. గ్రామ ఆరోగ్య నర్సును అడగండి. కోయంబత్తూరువాడైన అరుణాచలం మురుగానందం తక్కువ ఖర్చుతో ప్యాడ్లు చేసే యంత్రమును కనిపెట్టినప్పుడు ఊరు నవ్వింది; 2016లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక మగవాడు ఈ సంగతి మాటలాడుట సిగ్గు కాదని ఆయన చూపించాడు.

ఏడు రోజులకు మించి రక్తస్రావమైనా, గంటకొక ప్యాడు తడిసిపోయినా, పదునైదేండ్లు నిండినా మొదలుకాకపోయినా, డాక్టరుకు చూపించండి.

5. వేరు గుడిసె

పెద్దమనిషి అయిన పిల్లకు నువ్వులుండలు, మినప వంటలు పెట్టుట మంచి ఆచారమే. బలమైన ఆహారము ఆ వయస్సుకు కావలెను. అయితే ఆకుల గుడిసె కట్టి ఆ పిల్లను ఒంటరిగా పడుకోబెట్టుట ఏ మురికిని తీసివేయును? 2018 నవంబరులో గజ తుఫాను వచ్చిన రాత్రి, తంజావూరు జిల్లా పట్టుకోట్టై ప్రాంతములో, మొదటి ముట్టు వచ్చినందున ఇంటికి వేరుగా గుడిసెలో ఉంచిన ఒక బాలిక, కొబ్బరిచెట్టు కూలి మీద పడగా చనిపోయింది. ఇల్లు కొన్ని అడుగుల దూరములోనే ఉంది. అపోహ ఎవరికీ హాని చేయదు, పాత ఆచారమే కదా అనువారు ఆ బిడ్డను జ్ఞాపకము చేసికొనవలెను.

6. ఆ చీటీకి జవాబు

లేవీయకాండము 15వ అధ్యాయమును చూపించి కొందరు మాతో వాదించారు. ఆ అధ్యాయమును మొదటినుండి చదవండి. స్త్రీల స్రావమును గురించి చెప్పుటకు ముందే పురుషుల స్రావమును గురించియు అది చెప్పుచున్నది. దాని పేరు చెప్పి ఏ మగపిల్లవానినీ మనము ఎన్నడూ గుమ్మము బయట నిలువబెట్టలేదు. ధర్మశాస్త్రములోని ఆ శుద్ధీకరణ ఆచారములు క్రీస్తునందు నెరవేరినవి. పండ్రెండేండ్లు రక్తస్రావముతో ఉన్న స్త్రీ జనసమూహములో వచ్చి తన వస్త్రమును ముట్టినప్పుడు ప్రభువు వెనుకకు తొలగలేదు. ఆమెను కుమారీ అని పిలిచి సమాధానముతో పంపివేశాడు.

గనుక చీటీ వ్రాసిన మా బిడ్డా, విను. నిన్ను నీళ్లలోకి దిగనిస్తాము. నీ వలన తొట్టి అపవిత్రము కాదు, నీకు హానియు కలుగదు. నిండు రంగు బట్టలు వేసికొని రా. ఒక అక్క నీతో ఉండి, పైకి రాగానే తువ్వాలు, పొడి బట్టలు, ప్యాడు అందించును. నొప్పిగా ఉండి వేరొక ఆదివారము కావలెనని నీవే అడిగితే, అలాగే చేసెదము. నిర్ణయము నీది. ప్రభురాత్రి భోజనమునకు కూడా ఇదే జవాబు.

ఒక మాట ఒప్పుకొనవలెను. ఇంతకు ముందు ఇటువంటి సమయములో “వచ్చే నెల చూద్దాములే” అని తల్లులతో చెప్పి పంపినవారము మేమే. ఆ మాటకు వాక్యాధారము చూపుమని ఆ పిల్లలు మమ్మును అడుగలేదు. అడిగియుంటే మా యొద్ద జవాబు లేదు. ఆ పిల్లలను మేము క్షమాపణ వేడుకొనుచున్నాము.

చర్చించుటకు ప్రశ్నలు

1. మీ ఇంటిలో శుభ్రత పేరుతో ఉన్న నియమములు మూడు చెప్పండి. పైన చెప్పిన పరీక్ష ప్రకారము ఏది నిలుచును? ఏది నిలువదు?
2. మార్కు 7లో పరిసయ్యుల చేతులు కడుగుకొనుటకును, మన అమ్మ చెప్పే చేతులు కడుగుకొనుటకును భేదమేమి?
3. మన ప్రార్థనా స్థలములోని మరుగుదొడ్డికి లోపలి గడియ ఉన్నదా? నీరు, సబ్బు, మూత ఉన్న చెత్తబుట్ట ఉన్నవా? లేనియెడల వచ్చే కూడిక లోపల ఎవరు ఏది తెచ్చెదరు?

ప్రార్థనాంశము: మన దేహములను దేవుని ఆలయముగా ఎంచి కాపాడుకొనుటకును, ఏ బిడ్డను మన మాటతో గుమ్మము బయట నిలువబెట్టకుండుటకును ప్రభువు మనకు సహాయము చేయునట్లు ప్రార్థించుదము.