హృదయమునకు చేయూత

మానవుని గుండె అతని పిడికిలియంత యుండును. అది పుట్టుకకు పూర్వమే పని మొదలుపెట్టి, విశ్రాంతి యెరుగక, నిమిషమునకు సుమారు 70 పర్యాయములు కొట్టుకొనుచు దేహమంతటికిని రక్తమును పంపుచుండును. ఒక్కొక్కప్పుడు అది ఆకస్మికముగా తన పనిని మానివేయును. అంతవరకు మాటలాడుచున్న మనిషి మొదలు నరికిన చెట్టువలె కూలిపోవును. పిలిచిన పలుకడు, ఊపిరి యాడదు. నాలుగైదు నిమిషములు రక్తము అందనిచో మెదడు చెడుట కారంభించును. ఆ కొద్దిసేపటిలో వైద్యుడు వచ్చి చేరుట దుర్లభము. మరి ప్రక్కనున్నవారు ఏమి చేయగలరు? చాలకాలము వరకు ఈ ప్రశ్నకు తగిన సమాధానము లేకుండెను.

వైద్యులు నమ్ముకొనిన ఉపాయము రొమ్మును కోసి, చేతిని లోపలికి పోనిచ్చి, గుండెను పట్టి పిసుకుట. 1947లో అమెరికాలోని క్లీవ్‌లాండు నగరమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు శస్త్రచికిత్స పొందుచున్న 14 ఏండ్ల బాలుని గుండెను ఈ విధముగనే చేతితో నొక్కి, పిదప దానికి విద్యుత్తు నిచ్చి సరిచేసెను. బాలుడు బ్రదికెను. కాని ఇట్టి చికిత్స ఆసుపత్రిలో సాధ్యమగునే గాని, వీధిలో పడిపోయినవానికి ఏమి ప్రయోజనము?

అమెరికాలోనే బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము కలదు. అచట విలియం కౌవెన్‌హోవెన్ అను ఆచార్యుడుండెను. ఆయన వైద్యుడు కాడు, విద్యుచ్ఛక్తి ఇంజనీరు. తీగలపై పనిచేయు కార్మికులు విద్యుత్తు తగిలి మరణించుచుండుట చూచి, అది గుండెకు చేయు కీడును ఆయన పరిశోధింప పూనుకొనెను. విద్యుత్తు తగిలినచో గుండె లయ తప్పవచ్చును. అప్పుడు గుండె కండరములు పొందిక లేక ఊరక వణకుచుండును. రక్తము మాత్రము ముందుకు సాగదు. చిత్రమేమనగా, ఆ వణకును మాన్పుటకును విద్యుత్తే సాధనము. బలమైన ఘాతము నొక్క క్షణము ఇచ్చినచో వణకు నిలిచి, గుండె తన సహజమైన లయను మరల అందుకొనగలదు. ఈ పని చేయు యంత్రమునకే డిఫిబ్రిలేటరు అని పేరు.

1958లో ఆ ప్రయోగశాలయందు గై నికర్‌బాకర్ అను యువ ఇంజనీరు ఒక కుక్కపై ప్రయోగము చేయుచుండెను. యంత్రపు బరువైన లోహఫలకములను రొమ్ముపై అదిమినప్పుడు, విద్యుత్తు ఇంకను ప్రసరింపకముందే, కుక్క రక్తపుపోటు కొంచెము పెరిగెను. చిన్న విషయమని అతడు దానిని ఉపేక్షింపలేదు. పైనుండి అదిమినంత మాత్రమున లోపలి రక్తము కదలుచున్నచో, చేతులతో అదిమినను కదలవలెను గదా! జేమ్స్ జూడ్ అను శస్త్రవైద్యుడు వారితో కలసెను. ఎచట నొక్కవలెను, ఎంత లోతుగా నొక్కవలెను, ఎంత వేగముగా నొక్కవలెను అని మువ్వురును ఓపికతో పరీక్షించిరి. 1960 జూలైలో తమ ఫలితములను ప్రకటించిరి. వారు చికిత్స చేసిన 20 మందిలో 14 మంది జీవించిరి. కత్తి వలదు, యంత్రము వలదు. రెండు చేతులు చాలునని లోకమునకు తెలిసెను. నోటితో శ్వాస నూదు పద్ధతిని పీటర్ సఫార్ అను వైద్యుడు ఆ నగరమందే అంతకు పూర్వము నిరూపించి యుండెను. ఈ రెండును కలసి సి.పి.ఆర్. అను ప్రథమ చికిత్స ఏర్పడెను.

కాని దీనిని నేర్చుకొనుట యెట్లు? ఆరోగ్యవంతుని రొమ్మును అట్లు నొక్కరాదు. నార్వే దేశమున ఆస్మండ్ లేర్డాల్ అను బొమ్మల వ్యాపారి యుండెను. నీట మునుగుచున్న తన పసిబిడ్డను ఆయన ఒకప్పుడు స్వయముగా కాపాడుకొనినవాడు. ఆయన 1960లో నిలువెత్తు మనిషి బొమ్మను తయారుచేయించెను. నాటినుండి లక్షలాది ప్రజలు అట్టి బొమ్మలపైననే ఈ విద్యను అభ్యసించుచున్నారు.

పద్ధతి కఠినమైనది కాదు. పడిపోయినవాని భుజము తట్టి పిలువవలెను. పలుకక, ఊపిరి సరిగా తీయకున్నచో 108కి ఫోను చేయించి, వానిని గట్టి నేలపై వెల్లకిల పరుండబెట్టవలెను. అప్పుడప్పుడు వచ్చు ఎగఊపిరిని చూచి శ్వాస యున్నదని భ్రమపడరాదు. రొమ్ము నడుమ ఒక అరచేతి మడమ నుంచి, దానిపై రెండవ చేతిని చేర్చి, మోచేతులు వంచక నిటారుగా అదుమవలెను. పెద్దవారికి 5 సెంటీమీటర్లకు తగ్గక, 6 మించక దిగవలెను. వేగము నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు. ఒక్కొక్కసారి నొక్కిన పిదప రొమ్మును పూర్తిగా పైకి లేవనీయవలెను. శిక్షణ పొందినవారు 30 సార్లు నొక్కి, రెండుసార్లు శ్వాస నూదుదురు. శిక్షణ లేనివారు సహాయము వచ్చువరకు ఆపక నొక్కుచుండిన చాలును.

ఇక డిఫిబ్రిలేటరు మాట. 1965లో బెల్‌ఫాస్టు నగరమున ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అను వైద్యుడు దానిని తొలుత అంబులెన్సులోని కెక్కించినప్పుడు దాని బరువు సుమారు 70 కిలోలు. నేడు అది ఒక చేత పట్టుకొనిపోదగిన పెట్టె. కొన్ని విమానాశ్రయములలోను, రైల్వే స్టేషనులలోను దాని నుంచుచున్నారు. మూత తెరచి మీట నొక్కినచో అదియే మాటలాడి దారి చూపును. అంటుపట్టీలను రొమ్ముపై బొమ్మలో చూపినట్లు అతికించినచో, గుండె లయను పరీక్షించి, అవసరమైననే ఘాతము నిమ్మని చెప్పును. అప్పుడు ఎవ్వరును రోగిని తాకరాదు. ఘాతము పిదప వెంటనే మరల నొక్కుట మొదలుపెట్టవలెను.

తప్పు చేయుదుమేమో యను భయమే ఈ విద్యకు ప్రథమ శత్రువు. నొక్కునప్పుడు పక్కటెముక విరుగవచ్చును. విరిగిన ఎముక అతుకును. ఏమియు చేయక నిలిచి చూచినచో పోవునది ప్రాణము. అది మరల రాదు. కావున ప్రతి బాలుడును, ప్రతి బాలికయు శిక్షకుల కడ, బొమ్మపైన, ఈ విద్యను అభ్యసింపవలెను. చదివిన మాత్రమున ఈత రానట్లే, చదివిన మాత్రమున ఇదియు రాదు. నేర్చిన చేతులు రెండు ప్రక్కనున్నచో, ఆగిన గుండెకు మరల కొట్టుకొను భాగ్యము కలుగవచ్చును.