రంగు హెడ్‌లైట్లు చట్టానికి ఒప్పుతాయా?

యాసంగి వరికోతలు మొదలయ్యాయంటే నల్లగొండ జిల్లాలో రాత్రిపూట రోడ్ల రూపమే మారిపోతుంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల వైపు వడ్ల ట్రాక్టర్లు బారులు తీరతాయి. ఒకదానికి టాపు మీద నీలం ఎల్‌ఈడీ పట్టీ ఉంటుంది, ఇంకోదానికి బంపర్ మీద ఎర్రలైట్లు వెలిగి ఆరుతుంటాయి. ట్రాలీ వెనక మాత్రం చాలాసార్లు చీకటే. అటు పాలమూరులో జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు మీదుగా కర్నూలుకు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద నీలి బల్బుల బైకులు, కళ్ళు బైర్లు కమ్మించే లైట్ల కార్లు కనిపిస్తాయి. వీటిలో ఏది చట్టానికి లోబడింది, ఏది కాదు?

మోటారు వాహనాల తనిఖీ అధికారి, రవాణా కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివేవారికి ఈ అంశం బాగా అవసరం. గ్రూప్స్ అభ్యర్థులకు జనరల్ సైన్స్, పాలిటీ కలిసే చోటు ఇది. లెర్నింగ్ లైసెన్సు పరీక్షకు కూర్చునేవారికీ పనికొస్తుంది. నంబర్లు బట్టీ పట్టే ముందు ఒక సంగతి పట్టుకోండి. లైట్ల మీద మన చట్టం పెట్టిన షరతుల్లో ఎక్కువ భాగం ఎదురుగా వచ్చేవారి కోసం, వెనక వచ్చేవారి కోసం పెట్టినవే. ఈ దారిలో చదివితే నియమాలు ఒకదానితో ఒకటి అల్లుకుని గుర్తుంటాయి.

చట్టం ఎక్కడి నుంచి మొదలవుతుంది

మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలోని 35వ అంశం. కాబట్టి కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టాలు చేయవచ్చు. అయితే వాహన నిర్మాణం, దీపాలు, రిఫ్లెక్టర్ల వంటి వాటిపై నియమాలు చేసే అధికారం మోటారు వాహనాల చట్టం 1988లోని 110వ సెక్షన్ ద్వారా కేంద్రానికి ఉంది. ఆ అధికారంతో వచ్చినవే కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989. చట్టం, నియమాలు రెండూ 1989 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. దీపాల సంగతి 105 నుంచి 111 వరకు ఉన్న నియమాల్లో కనిపిస్తుంది.

ముందుకు ఎరుపు వద్దు, వెనకకు ఎరుపే

108వ నియమం ఈ పాఠానికి గుండెకాయ. అంబులెన్సుకు ఫోన్ చేసే నంబరే ఇది కూడా, మరిచిపోవడం కష్టం. ఏ మోటారు వాహనమూ ముందువైపు ఎర్ర వెలుగు చూపకూడదు, వెనకవైపు ఎరుపు కాని వెలుగు చూపకూడదు అని ఇది చెబుతుంది.

కారణం చాలా సాదా. చీకట్లో బండి కనిపించదు, దాని వెలుగే కనిపిస్తుంది. ఎరుపు కనిపిస్తే ఆ బండి మనకు వీపు చూపిస్తోందని, అంటే మనం పోయే దిక్కుకే పోతోందని అర్థం. తెలుపు కనిపిస్తే మన మీదికి వస్తోందని అర్థం. ఆ రెండింటినీ తారుమారు చేస్తే ఎదుటి డ్రైవరు వేసే అంచనా మొత్తం తలకిందులవుతుంది. ముందు బంపర్ మీద ఎర్రలైట్లు బిగించడం వల్ల జరిగేది ఇదే.

ఈ నియమానికి మినహాయింపులు ఉన్నాయి, ప్రశ్నలు ఎక్కువగా వాటి మీదే వస్తాయి. బండి లోపలి దీపాలు, ఇండికేటర్ల కాషాయం కలిసిన పసుపు వెలుగు, వెనక నంబరు ప్లేటును చూపే తెల్ల దీపం, రివర్స్ పోయేటప్పుడు వెలిగే తెల్ల దీపం, రోగులను తీసుకెళ్ళే అంబులెన్సు మీద ఊదారంగు గాజుతో మెరిసే దీపం వీటిలో ముఖ్యమైనవి. వ్యవసాయ ట్రాక్టరుకు పొలంలో దున్నేటప్పుడు పనిముట్టు పడే చోటును చూపే దీపానికీ మినహాయింపు ఉంది. మన జిల్లాల వాళ్ళు ఈ చివరిదాన్ని బాగా గుర్తుంచుకోవాలి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

ఎర్ర బుగ్గ కథ కూడా ఈ నియమంలోదే. 2013 డిసెంబరులో అభయ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఎర్ర బుగ్గల వాడకాన్ని బాగా కుదించింది. 2017 ఏప్రిల్ 19న కేంద్ర మంత్రివర్గం మొత్తానికే తీసేయాలని నిర్ణయించగా, మే 1 నుంచి రాష్ట్రపతి, ప్రధాని సహా ఎవరికీ ఆ హక్కు లేకుండా పోయింది. అగ్నిమాపక, పోలీసు వంటి అత్యవసర సేవల వాహనాలకు ఎరుపు, నీలం, తెలుపు కలిసిన మెరుపు దీపాలు మిగిలాయి. అందుకే సొంత కారు ముందు నీలం, ఎరుపు మెరిపించడం అలంకారం కిందికి రాదు. ఎదుటివారు పోలీసు బండో అంబులెన్సో అనుకుని దారి ఇస్తారు.

హెడ్‌లైట్ తెల్లగానే ఉండాలని ఎక్కడ ఉంది?

చాలామంది అభ్యర్థులు ఇక్కడే తడబడతారు. 108వ నియమం ముందువైపు నిషేధించింది ఎరుపును. మరి నీలం, ఆకుపచ్చ, పసుపు పెట్టుకోవచ్చా? జవాబు 124వ నియమం దారిలో దొరుకుతుంది. వాహన భాగాలు పాటించాల్సిన సాంకేతిక ప్రమాణాలను ఆ నియమం కింద ప్రకటిస్తారు. దీపాల అమరికకు కార్లు, లారీల వంటి వాటికి ఏఐఎస్ 008, ద్విచక్ర వాహనాలకు ఏఐఎస్ 009 ఉన్నాయి. వాటి ప్రకారం హెడ్‌లైట్ వెలుగు తెలుపు. పసుపుకు చోటు ఫాగ్ ల్యాంపు దగ్గర ఉంది, అది తెలుపు గానీ నిర్దేశించిన పసుపు గానీ కావచ్చు. కాబట్టి నీలం, ఆకుపచ్చ హెడ్‌లైట్ తప్పేనని రాయండి, కానీ 108ని ఒక్కదాన్నే ఆధారంగా చూపకండి.

దీనికి 105వ నియమం తోడవుతుంది. సూర్యాస్తమయం తర్వాత అరగంట నుంచి, వెలుతురు చాలనప్పుడు ఎప్పుడైనా, హెడ్‌లైట్లు 155 మీటర్ల దూరంలోని మనుషులను, వాహనాలను స్పష్టంగా చూపాలి. ఈ అంకెకు రోడ్డు మీద ఎంత విలువ ఉందో చూడండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు ప్రమాదాన్ని గమనించి బండి ఆపడానికి 120 మీటర్ల చూపు కావాలి. 100 కిలోమీటర్ల వేగంలో 180 మీటర్లు కావాలి. అంటే నిబంధన కోరిన కనీస వెలుగు 80కి సరిపోతుంది, 100కు చాలదు. నార్కెట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట మీదుగా పోయే 65వ జాతీయ రహదారి మీద అర్ధరాత్రి కార్లు ఏ వేగంతో పోతాయో చూసినవారికి ఈ తేడా ఎంత భయంకరమైనదో తెలుసు. ఆ ఉన్న వెలుగును కూడా రంగు పొరతో తగ్గించుకోవడం ప్రాణంతో చెలగాటమే.

2017 ఏప్రిల్ 1 నుంచి తయారయ్యే ద్విచక్ర వాహనాలకు ఇంజిను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ దానంతట అదే వెలగాలన్న నిబంధన వచ్చింది. ఊళ్ళలో ఇప్పటికీ “అన్నా, లైటు” అని చేయి ఊపి చెప్పేవాళ్ళున్నారు. పగలు లైటు వెలగడం లోపం కాదు, ఎదుటివారికి బైకు తొందరగా కనబడాలన్నదే ఉద్దేశం.

కళ్ళు చెదరగొట్టకూడదు

106వ నియమంలో మూడు అంకెలు ఉన్నాయి: 8 మీటర్లు, అర మీటరు, ఒకటిన్నర మీటరు. దీపానికి 8 మీటర్ల ముందు, వాహనం కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. ఆ చోటు ఏమిటో ఊహించండి. మనం ఎడమవైపు నడుస్తాం కాబట్టి కుడి పక్కన ఎదురుగా వచ్చేవాడి చోటు అది. దీపం ఎప్పుడూ కిందికి వంగి ఉండాలి, లేదా డ్రైవరు డిప్ చేయగలగాలి.

ఒకప్పుడు లారీలు, బస్సుల హెడ్‌లైట్ల గాజు మీద నల్ల బొట్టు పెట్టేవాళ్ళు, పోలీసులు నల్ల స్టిక్కర్లు అంటించేవాళ్ళు. ఇప్పటి దీపాల్లో డిప్ వెలుగుకు పైన ఒక గీత కొట్టినట్టు హద్దు ఉంటుంది. ఎదుటివారి కళ్ళ వైపు పోవాల్సిన వెలుగును లోపలి అమరికే కోసేస్తుంది. ఈ అమరిక చెడిపోయేది బల్బు మార్చినప్పుడు. మామూలు హెచ్4 హాలోజన్ బల్బు 60/55 వాట్లది. దాని తీగచుట్ట ఏ బిందువు దగ్గర ఉంటుందో లెక్కగట్టి రిఫ్లెక్టరును వంచుతారు. అదే గూట్లో హెచ్‌ఐడీ గానీ, నాసిరకం ఎల్‌ఈడీ గానీ దూర్చితే వెలుగు పుట్టే చోటు మారుతుంది, హద్దు గీత చెదురుతుంది. అప్పుడు డిప్పర్ కొట్టినా ఎదుటివాడికి ఫుల్ లైటే. నా దృష్టిలో రంగు కన్నా ఇది పెద్ద తప్పు, తెల్ల వెలుగు కాబట్టి తప్పు లేదనుకోవడం వల్ల మరీ పెద్దది.

ముందువైపు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు బిగించడాన్ని 111వ నియమం నిషేధిస్తుంది. ప్రత్యేక పరిస్థితుల్లో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉంటేనే చెల్లుతుంది. జీపుల టాపు మీద నాలుగేసి ఫోకస్ లైట్లు పెట్టేవారికి వర్తించే నియమం ఇదే.

పసుపు మంచును చీలుస్తుందా?

తెలంగాణ పదో తరగతి భౌతికశాస్త్రంలో కాంతి పరిక్షేపణం చదివినవారు నీలం ఎక్కువ చెదురుతుంది, ఎరుపు తక్కువ చెదురుతుంది అని గుర్తుంచుకుంటారు. దాన్ని పట్టుకుని పసుపు లైటు పొగమంచును చీల్చుకుపోతుందని రాస్తారు. ఆ సూత్రం కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చాలా చిన్న కణాలకే పనిచేస్తుంది. పొగమంచులోని నీటి బిందువులు అంతకన్నా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు ఒకే తీరుగా చెదరగొడతాయి. మంచు తెల్లగా కనిపించేది అందుకే. పసుపు వల్ల కలిగే మేలు కంటికి కొంత ఒత్తిడి తగ్గడం. ఫాగ్ ల్యాంపు పనిచేసేది ముఖ్యంగా అది కింద ఉండి, వెడల్పుగా, పైకి ఎగజిమ్మకుండా వెలగడం వల్ల. ఫ్రాన్స్‌లో 1930ల చివరి నుంచి పసుపు హెడ్‌లైట్లు తప్పనిసరిగా ఉండేవి, 1993లో ఆ నిబంధన తీసేశారు.

నీలి పూత బల్బు సంగతి ఇంకా సులువు. పూత అంటే వడపోత. హాలోజన్ తీగ ఇచ్చే వెలుగులో పసుపు, ఎరుపు ఎక్కువ. వాటిని అడ్డుకుంటే చూపుకు నీలంగా, చల్లగా ఉంటుంది, రోడ్డు మీద పడే వెలుగు తగ్గుతుంది.

పొగరంగు ఫిల్మ్

హెడ్‌లైట్ మీద, వెనక లైటు మీద పొగరంగు ఫిల్మ్ అంటించే అలవాటు కుర్రకారులో ఉంది. దీనికి దగ్గరి పోలిక కారు అద్దాల తీర్పు. అవిషేక్ గోయెంకా కేసులో 2012 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు 100వ నియమాన్ని వ్యాఖ్యానించింది. ముందు, వెనక అద్దాలకు 70 శాతం, పక్క అద్దాలకు 50 శాతం కాంతి ప్రసారం ఉండేలా కంపెనీయే తయారు చేయాలి తప్ప తర్వాత ఫిల్మ్ అంటించడం కుదరదని చెప్పింది. ఆ తీర్పు హెడ్‌లైట్ల గురించి కాదు, అలా రాస్తే మార్కులు పోతాయి. హెడ్‌లైట్ ఫిల్మ్ తప్పయ్యేది 105, 124 నియమాల వల్ల, కింద చెప్పే 52వ సెక్షన్ వల్ల.

బండి మార్చే హక్కు ఎంతవరకు?

తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరి 9న ఆర్టీఓ వర్సెస్ కె. జయచంద్ర కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణ చట్టం తెచ్చిన 182ఎ సెక్షన్ నాలుగో ఉపవిభాగం ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. “ఒక్కో మార్పుకు” అన్న మాట కింద గీత పెట్టుకోండి. 2022 అక్టోబరులో పాలక్కాడ్ జిల్లా వడక్కంచేరి దగ్గర టూరిస్టు బస్సు ప్రమాదం జరిగాక కేరళ హైకోర్టు ఇలాంటి రంగు దీపాల బస్సులపై ఆ లెక్కనే జరిమానా వేయమంది.

రహదారి భద్రత ప్రమాణాలను ఉల్లంఘించే బండిని నడిపితే 190(2) సెక్షన్ కింద మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. ప్రత్యేక శిక్ష ఎక్కడా లేకపోతే 177వ సెక్షన్ ఉంది: మొదటిసారి 500, తర్వాత 1,500. రోడ్డు మీద రాసే చలానా మొత్తం 200వ సెక్షన్ కింద రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి చలానాలో చూసిన అంకెను పరీక్షలో రాయకండి.

మన రోడ్ల మీద

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపేస్తారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోని జంతువులకు లైట్లు, వేగం రెండూ ముప్పే కాబట్టి ఆ ఆంక్ష. మిగతా రోడ్లకు అలాంటి గేటు లేదు. అక్కడ నన్ను ఎక్కువ కలవరపెట్టేది నీలి హెడ్‌లైట్ కన్నా వెనక దీపం లేని ట్రాలీ, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల చుట్టూ పెట్టిన రాళ్ళు. 104వ నియమం వెనక ఎర్ర రిఫ్లెక్టర్లు ఉండాలంటుంది. ట్రాక్టరు టాపు మీది ఎల్‌ఈడీ పట్టీకి పెట్టే డబ్బులో కొంత చాలు, ట్రాలీ వెనక అంతా రిఫ్లెక్టర్ టేపు అంటించవచ్చు.

అభ్యాసానికి రెండు ప్రశ్నలు

ఒకటి. నల్లగొండ వాసి తన కారుకు పసుపు ఫాగ్ ల్యాంపులు, నీలి హెడ్‌లైట్ బల్బులు, ముందు బంపర్ మీద ఎర్ర ఎల్‌ఈడీ బిగించుకున్నాడు. ఏవి తప్పు? నీలి బల్బులు ప్రమాణాలకు విరుద్ధం, ఎర్ర ఎల్‌ఈడీ నేరుగా 108కి విరుద్ధం. పసుపు ఫాగ్ ల్యాంపులు ప్రమాణానికి తగినవైతే రంగు వల్ల తప్పు లేదు.

రెండు. వనపర్తి రైతు రాత్రి దున్నకానికి ట్రాక్టరు వెనక తెల్ల దీపం పెట్టుకున్నాడు. పని ముగించి అదే దీపంతో తారు రోడ్డెక్కాడు. నేరమా? పొలంలో ఉన్నంతసేపూ కాదు. మినహాయింపు పొలం పని వరకే కాబట్టి రోడ్డెక్కగానే వెనకవైపు తెల్ల వెలుగు 108ని ఉల్లంఘించినట్టే. వెనక వచ్చే బైకు మనిషి ఆ తెలుపును చూసి ట్రాక్టరు తనకు ఎదురొస్తోందని అనుకుంటాడు, పక్కకు తప్పుకోవాలా, బ్రేకు వేయాలా అన్నది తేల్చుకునేలోపే దగ్గరికొచ్చేస్తాడు. గట్టు దిగేటప్పుడే ఆ దీపం స్విచ్ ఆపాలి.