కూర్పు – నేర్పు

పాఠ్యభాగ పరిచయం

తెలుగు చలనచిత్రాల ఆరంభంలో సాంకేతిక నిపుణుల పేర్లు వచ్చేటప్పుడు ‘కూర్పు’ అనే మాట కనిపిస్తుంది. ప్రేక్షకులు అంతగా పట్టించుకోని పని అది. చేతిఫోనుతో ప్రతి విద్యార్థీ దృశ్యాలను చిత్రించగలుగుతున్న ఈ కాలంలో కూర్పు స్టూడియో గోడలు దాటి గ్రామానికి వచ్చింది. దృశ్యాన్నీ ధ్వనినీ జతపరిచే విధానాన్నీ, ఆ పనిలో ఇమిడి ఉన్న బాధ్యతనూ తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

నిజామాబాదు జిల్లాలోని ఇందల్వాయి మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి, సికింద్రాబాదు నుంచి నిజామాబాదు వెళ్ళే రైలుమార్గం సాగిపోతాయి. ఆ ఊరి శివారున ఒక మనిషి గొడ్డలితో కట్టెలు కొడుతున్నాడనుకుందాం. 170 మీటర్ల దూరంలో నిలబడి చూసేవారికి గొడ్డలి వేటు ముందుగా కనిపిస్తుంది. అర సెకను గడిచిన తరువాత దాని చప్పుడు వినిపిస్తుంది. కాంతి అంత దూరాన్ని దాటడానికి పట్టే కాలం లెక్కలోకి రానంత స్వల్పం. ధ్వని మాత్రం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల వేగంతోనే ప్రయాణిస్తుంది.

చూపు ముందు, చప్పుడు వెనుక అనే ఈ వరుసకు మానవుడు అలవాటుపడిపోయాడు. వేటు పడకముందే చప్పుడు వినిపించడం ప్రకృతిలో లేదు. అందువల్లనే తెరమీది బొమ్మకంటె ధ్వని కొంచెం ఆలస్యమైతే ప్రేక్షకుడు సహిస్తాడు. ముందుగా వస్తే వెంటనే పసిగడతాడు. ధ్వని 45 మిల్లీసెకన్లు ముందైనా, 125 మిల్లీసెకన్లు వెనుకైనా చూసేవారికి తేడా తెలుస్తుందని ప్రసార రంగ నిపుణులు నిర్ణయించారు. సెకనుకు 25 బొమ్మలు కదిలే చిత్రంలో ఒక్కొక్క బొమ్మకు దక్కే కాలం 40 మిల్లీసెకన్లు. ఆ ఒక్కొక్క బొమ్మనే ‘ఫ్రేము’ అంటారు. అంటే ఒక ఫ్రేముకు మించి ముందుకు జరిగినా, మూడు ఫ్రేములకు మించి వెనుకబడినా కన్నూ చెవీ పేచీపడతాయన్న మాట.

ఈ పేచీని తీర్చే ప్రయత్నం తెలుగువారి సినిమా చరిత్రలో మొదటి నుంచీ ఉంది. మచిలీపట్నంలో 1869లో జన్మించిన రఘుపతి వెంకయ్య మద్రాసులో ఛాయాచిత్రాల వ్యాపారం చేసేవారు. ఆ వ్యాపారాన్ని తాకట్టు పెట్టి, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే యంత్రాన్ని తెప్పించారు. తెరమీద చిన్న చిన్న చిత్రాలను ప్రదర్శిస్తూ, వాటికి జతగా గ్రామఫోను పళ్ళెం నుంచి ధ్వనిని వినిపించే సాధనం అది. వెంకయ్య దానిని వెంటబెట్టుకొని దక్షిణ భారతంలోనే కాక శ్రీలంక, బర్మా దేశాలలో సైతం ప్రదర్శనలు ఇచ్చారు. తెలుగులో తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదల కావడానికి రెండు దశాబ్దాల ముందటి మాట ఇది.

బొమ్మ ఒకచోట, ధ్వని మరొకచోట ఉండే అటువంటి పద్ధతిలో ఒక చిక్కు ఉండేది. ప్రదర్శనలో ఫిల్ము తెగితే దానిని అతికించేటప్పుడు కొన్ని ఫ్రేములు పోయేవి. పళ్ళెంమీది ధ్వని మాత్రం ఏమీ కోల్పోయేది కాదు. అతుకు దాటిన క్షణం నుంచి బొమ్మ ముందుకు పోయేది, మాట వెనుకబడేది. అతికింది ఒక్కచోటే అయినా తప్పు చివరిదాకా వెంటాడేది.

తరువాతి కాలంలో ధ్వనిని కూడా ఫిల్ముమీదనే ముద్రించే పద్ధతి స్థిరపడింది. సెకనుకు 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగుల ఫిల్ము అనే లెక్క ఏర్పడింది. ప్రదర్శన యంత్రంలో బొమ్మను చూపే చోటు, ధ్వనిని చదివే చోటు వేరు కాబట్టి, ప్రింటుమీద ధ్వనిజాడను దాని బొమ్మకంటె సుమారు 20 ఫ్రేములు ముందుగా ముద్రించేవారు. ఫిల్ముమీద విడివిడిగా ఉన్నవి ప్రేక్షకుని ముందు ఒకటయ్యేవి. కూర్పు గదిలో మాత్రం బొమ్మల ఫిల్ము, ధ్వని టేపు వేరువేరు చుట్టలుగానే ఉండేవి. రెండింటినీ మూవియోలా యంత్రంలో పక్కపక్కనే నడిపి చూసి, కత్తిరించి, అతికించేవారు.

పాటల చిత్రీకరణలో ఈ పని మరింత కఠినం. ముందుగా రికార్డు చేసిన పాటను వినిపిస్తూ నటుని పెదవుల కదలికను చిత్రిస్తారు. ఒకే చరణాన్ని నాలుగు కోణాల నుంచి చిత్రించిన ముక్కలను ఏరి, తాళం తప్పకుండా వరుసపెట్టవలసినవాడు కూర్పరి. ‘శంకరాభరణం’, ‘సాగర సంగమం’ వంటి సంగీత నాట్య ప్రధాన చిత్రాలకు జి.జి.కృష్ణారావు కూర్పరిగా పనిచేశారు. మృదంగం మీద దెబ్బ, నర్తకి అడుగు ఒకే క్షణంలో పడ్డాయని ప్రేక్షకుడు నమ్మితే అందులో కూర్పరి శ్రమ కూడా ఉంది.

నేడు కంప్యూటరులోనూ చేతిఫోనులోనూ ఆ చుట్టల స్థానాన్ని ‘టైమ్‌లైన్’ ఆక్రమించింది. దీనిని తెలుగులో కాలరేఖ అనవచ్చు. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది. పై వరుసలో దృశ్యాల ముక్కలు, కింది వరుసలలో మాటలు, పరిసర ధ్వనులు, సంగీతం ఉంటాయి. ఒక్కొక్క ముక్కను క్లిప్పు అనీ, ఒక్కొక్క వరుసను ట్రాకు అనీ వ్యవహరిస్తారు. ఫిల్మును కత్తిరిస్తే ముక్క చేతికి వచ్చేది. ఇక్కడ కత్తిరించినా అసలు చిత్రం చెక్కుచెదరదు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలన్న సూచన మాత్రమే మారుతుంది. అందువల్ల విద్యార్థి భయపడకుండా ఎన్నిసార్లయినా సరిదిద్దుకోవచ్చు.

ఇందల్వాయి విద్యార్థులు కొందరు బోధన్ ప్రాంతపు చెరకు రైతుల జ్ఞాపకాలను చిత్రించదలిచారనుకుందాం. బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో 1930ల చివర నెలకొన్న నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ ఆ ప్రాంతపు జీవితం అల్లుకుంది. 2015 డిసెంబరులో అది మూతపడింది. అటువంటి చోట ఒక వృద్ధ రైతు చెప్పే మాట ఊరి చరిత్రలో భాగం. విద్యార్థులు ఒక ఫోనుతో బొమ్మను చిత్రించి, మాట స్పష్టంగా రావడానికి మరొక ఫోనును రైతుకు దగ్గరగా ఉంచి ధ్వనిని రికార్డు చేస్తారు.

ఇక్కడ పాటించవలసిన మొదటి నియమం చప్పట్లు కొట్టడం. రెండు ఫోనులూ పనిచేయడం మొదలుపెట్టిన తరువాత కెమెరాకు ఎదురుగా ఒకరు ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. అరచేతులు కలిసిన ఫ్రేము బొమ్మలో కనిపిస్తుంది. ధ్వని తరంగపు గీతలో ఆ క్షణాన కొండకొమ్ములాంటి శిఖరం లేస్తుంది. కాలరేఖమీద ఆ ఫ్రేమునూ ఈ శిఖరాన్నీ ఒకే నిలువుగీత కిందికి తెస్తే చాలు, తరువాతి సంభాషణ అంతా జతపడుతుంది. సినిమా చిత్రీకరణలో క్లాప్ కొట్టడం వెనుక ఉన్న ముఖ్య ప్రయోజనం ఇదే.

రెండవ నియమం ముగింపులో సైతం చప్పట్లు కొట్టడం. రెండు యంత్రాలలోని గడియారాలు అచ్చంగా ఒకే వేగంతో నడవవు. పదివేలలో ఒక వంతు తేడా ఉంటే 20 నిమిషాల సంభాషణ ముగిసేసరికి 120 మిల్లీసెకన్లు, అంటే మూడు ఫ్రేములు జరిగిపోతాయి. మొదట సరిగా ఉన్న మాట చివరకు పెదవులను వీడిపోతుంది. చివరి శిఖరం కూడా కలిసిందో లేదో చూసుకొంటే ఈ లోపం బయటపడుతుంది. అప్పుడు సంభాషణను భాగాలుగా విడదీసి, మాటల నడుమ ఖాళీ దొరికినచోట ధ్వనిని సవరించాలి.

మూడవ నియమం జతపడిన బొమ్మనూ ధ్వనినీ కాడికి కట్టిన జోడెడ్లలా కలిపి ఉంచడం. నడుమనుంచి ఒక దృశ్యాన్ని తొలగించి మిగిలినవాటిని ముందుకు జరిపినప్పుడు, ధ్వని వరుస కూడా అంతే జరగాలి. ఒకటి కదిలి మరొకటి నిలిచిపోతే, తెగిన ఫిల్మును అతికించిన నాటి చిక్కే మళ్ళీ ఎదురవుతుంది.

అయితే అన్ని ధ్వనులూ బొమ్మతోపాటే మొదలుకానక్కరలేదు. కూచిపూడి ప్రదర్శనలో పాత్ర తెర వెనుక ఉండగానే ప్రవేశ దరువు వినిపిస్తుంది. ప్రేక్షకుని చెవి ముందుగా ఆహ్వానం అందుకొంటుంది. కన్ను ఆ తరువాత పాత్రను చూస్తుంది. అలాగే రైతు ముఖం తెరమీద ఉండగానే చెరకుబండి చక్రాల సవ్వడి వినిపించి, తరువాత బండి కనిపించవచ్చు. పెదవులు కనిపించే చోట మాత్రం ఈ స్వేచ్ఛ లేదు.

ఇంతవరకు చెప్పినది నేర్పు. దానికి మించినది న్యాయం. రైతును విద్యార్థులు రెండు ప్రశ్నలు అడిగారనుకుందాం. మనుమలు ఏం చదువుతున్నారని అడిగినప్పుడు ఆయన చిరునవ్వు నవ్వాడు. కర్మాగారం మూతపడినప్పుడు ఏమనిపించిందని అడిగినప్పుడు తల వంచుకొని నాలుగు సెకన్లు మౌనంగా ఉండి, “ఏం జెప్పాలె బిడ్డా, చెరుకు ఏసుడే బందు వెట్టినం” అన్నాడు. కాలరేఖమీద ఆ చిరునవ్వును రెండవ ప్రశ్న పక్కకు జరపడం ఒక్క క్షణం పని. అలా జరిపితే ఒక్క ఫ్రేము కూడా కల్పితం కాదు; అయినా మొత్తం అబద్ధమే అవుతుంది.

పక్కన చేరిన బొమ్మనుబట్టి ముఖంలోని భావం మారిపోతుందని రష్యా దర్శకుడు కులెషోవ్ శతాబ్దం క్రితమే నిరూపించాడు. ఒకే నటుని ఒకే ముఖచిత్రాన్ని ఒకసారి భోజనపు గిన్నె పక్కన, మరొకసారి శవపేటిక పక్కన చేర్చాడు. చూసినవారికి మొదటిసారి ఆకలి, రెండవసారి దుఃఖం గోచరించాయి. కథాచిత్రంలో ఈ శక్తి కళ. ఒక మనిషి తన జీవితం గురించి చెప్పే సాక్ష్యంలో అదే శక్తి ప్రమాదం.

ఆ నాలుగు సెకన్ల మౌనం కూడా అటువంటిదే. అది కాలరేఖమీద 100 ఫ్రేముల ఖాళీ. ధ్వని తరంగపు గీత అక్కడ దాదాపు సమతలంగా ఉంటుంది. వేగం కోరే కూర్పరికి అది వృథాగా తోస్తుంది. దానిని కోసివేస్తే జవాబు తడుముకోకుండా వచ్చినట్లవుతుంది. ఆ మాట బరువు తగ్గిపోతుంది. దగ్గును, చెప్పిందే మళ్ళీ చెప్పిన మాటను, దారితప్పిన ప్రసంగాన్ని తొలగించవచ్చు. అర్థాన్ని మోసే మౌనాన్ని తొలగించకూడదు. కూర్పు పూర్తయిన తరువాత దానిని మొట్టమొదట ఆ రైతుకే చూపాలి. ‘నేనన్నది ఇదే’ అని ఆయన అంగీకరించినప్పుడే పని ముగిసినట్లు.

పెదవికీ మాటకూ పొత్తు కుదిరిందో లేదో యంత్రం చూపగలదు. మనిషికీ అతని మాటకూ పొత్తు కుదిరిందో లేదో చూడవలసినవాడు కూర్పరి ఒక్కడే.

పదాలు – అర్థాలు

కూర్పరి = దృశ్యాలను ఏరి వరుసపరిచే వ్యక్తి, ఎడిటర్
పేచీ = తగవు
పళ్ళెం = (ఇక్కడ) గ్రామఫోను రికార్డు
దరువు = నాట్య ప్రదర్శనలో పాత్రకు సంబంధించిన పాట
గోచరించు = కనిపించు
పొత్తు = కలయిక, పొందిక

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నకు 20 పంక్తులలో సమాధానం రాయండి.
1. దృశ్యధ్వనుల జతకూర్పులో పాటించవలసిన నియమాలను వివరిస్తూ, కూర్పరి బాధ్యతను చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు సంక్షిప్తంగా సమాధానం రాయండి.
1. క్రోనోమెగాఫోన్ వంటి పద్ధతిలో ఫిల్ము తెగితే కలిగే చిక్కు ఏమిటి?
2. ముగింపులో కూడా చప్పట్లు ఎందుకు కొట్టాలి?
3. ‘ఒక్క ఫ్రేము కూడా కల్పితం కాదు, అయినా మొత్తం అబద్ధమే అవుతుంది’ – సందర్భాన్ని వివరించండి.

ఇ) ఏకవాక్య సమాధానం రాయండి.
1. తొలి తెలుగు టాకీ ఏ సంవత్సరంలో విడుదలైంది?
2. కాలరేఖలో ఒక్కొక్క వరుసను ఏమంటారు?

ఈ) జోడెడ్లు, కొడుతున్నాడనుకుందాం – విడదీసి సంధి పేరు రాయండి.