ఆస్బోర్న్ హౌస్: రాణిగారి సెలవుల విడిది

ఇంగ్లండ్ దక్షిణ తీరానికి ఎదురుగా ఉన్న వైట్ ద్వీపంలో విక్టోరియా రాణి కుటుంబం సెలవులు గడిపిన భవనం ఆస్బోర్న్ హౌస్. 1845లో ఎస్టేట్ కొన్నారు. ప్రిన్స్ ఆల్బర్ట్, బిల్డర్ థామస్ క్యూబిట్ కలిసి ఇటలీ శైలిలో నిర్మింపజేశారు.

పరీక్షార్థులు పట్టి చదవాల్సింది భారతీయ శైలిలో అలంకరించిన ఇక్కడి దర్బార్ గది గురించి. భారత సామ్రాజ్ఞి బిరుదు 1876లోనే పొందినా విక్టోరియా మన దేశానికి ఒక్కసారీ రాలేదు. ఆ లోటు ఈ గదితో తీర్చుకున్నారేమో! దీని అలంకరణను రూపొందించింది లాహోర్ మేయో కళాపాఠశాలకు చెందిన భాయ్ రామ్ సింగ్. ఆయన గురువు జాన్ లాక్‌వుడ్ కిప్లింగ్, రచయిత రుడ్యార్డ్ కిప్లింగ్ తండ్రి. రాణికి ఉర్దూ నేర్పిన మున్షీ అబ్దుల్ కరీం చిత్రపటమూ ఈ భవనంలో ఉంది.

1901 జనవరి 22న రాణి ఇక్కడే కన్నుమూశారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ అని గుర్తించి మార్కు పోగొట్టుకోకండి.